పట్టిన చెయ్యి

ఎవరైనా హఠాత్తుగా నా కుడి మణికట్టు పట్టుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు నన్ను అడగదు. తనంతట తనే తిరిగిపోతుంది. అరచెయ్యి పైకి లేస్తుంది, మోచెయ్యి పొట్టకు దగ్గరవుతుంది, ఎడమకాలు గుండ్రంగా వెనక్కి జారుతుంది. ఒకసారి గాజులావిడ సైజు చూద్దామని చెయ్యి పట్టుకుని గాజుల మలారంతో సహా కూలబడింది. అప్పటినుంచి గాజులు నేనే కొనుక్కుని నేనే వేసుకుంటున్నాను. నవ్వొచ్చే సంగతే ఇది. ఈ విద్య నాకు అబ్బిన రోజున ఏం జరిగిందో గుర్తుకు రాకుంటే నేనూ నవ్వేదాన్ని.

తొంభైల మొదటి సంవత్సరాలవి. చిలుకూరులో ప్రాథమిక పాఠశాల టీచరుగా చేసేదాన్ని. అక్కడికి దగ్గర్లోని కోదాడలో కిరాయి ఇల్లు. అమ్మ, అన్న, వదిన, వాళ్ల ఇద్దరు పిల్లలు, నేను. అన్న మేళ్లచెరువు ఫ్యాక్టరీల నుంచి సిమెంటు లోడు తోలే లారీ డ్రైవరు. ఒక మలుపులో బండి బోల్తా పడి తలకు దెబ్బ తగిలింది. కుట్లు విప్పారు, వెంట్రుకలు మళ్లీ మొలిచాయి, ఇక గండం గడిచిందనుకున్నాం. మూడో నెలలో మొదలైంది. రోడ్డు మీద లారీ హారన్ మోగితే చాలు, కళ్లు మారిపోయేవి. ఎదురుగా ఎవరుంటే వాళ్లను పట్టుకునేవాడు, విసిరేసేవాడు, గోడకేసి అదిమేవాడు. తర్వాత ఏమీ గుర్తుండేది కాదు. విరిగిన గ్లాసు చూసి "ఎవరు పగలగొట్టిండ్రమ్మా?" అని అడిగేవాడు. మా ఇల్లేమో హైవేకు కూతవేటు దూరం.

వదిన పిల్లలిద్దరినీ తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. అప్పుడు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడు తిట్టలేను.

ఆ వానాకాలంలో అన్న పట్టుకున్న పట్టుకు అమ్మ వేలు విరిగింది. కబురు తెలిసి పెన్‌పహాడ్ నుంచి మామయ్య వచ్చాడు. అమ్మకు తమ్ముడు, మాకు మేనమామ. వట్టి చేతులతో రాలేదు. ఎడ్లను అమ్మేశాక కొట్టంలో మిగిలిన గొలుసు ఒక సంచిలో వేసుకొచ్చాడు.

"కట్టెయ్యాలె. ఇంక సూసుడు లేదు," అన్నాడు. "రేపు అక్క మెడ పట్టుకుంటడు, అప్పుడు ఏం జేస్తవ్?"

"మనిషిని ఎద్దును కట్టినట్టు కడతమా మామా?"

"మరి నువ్వు పట్టుకుంటవా? నీతోని అయితదా?"

అన్న అప్పుడు పక్క గదిలోనే ఉన్నాడు. వింటున్నాడో లేదో తెలియదు. నాకు ఒళ్లు మండిపోయి, "పట్టుకుంట. ఉగాది దాకా ఆగుండ్రి," అన్నాను. ఎలా పట్టుకుంటానో నాకే తెలియదు. అన్న ఆరడుగుల మనిషి, నేను ఆయన భుజం దాకా కూడా రాను. మామయ్య గొలుసును వెనక వరండాలో మేకుకు తగిలించి, ఉగాదికి వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. గాలి వీచినప్పుడల్లా అది గోడకు తగిలి చప్పుడు చేసేది. ఆ చప్పుడుకు నాకు అన్నం సహించేది కాదు.

ఆగస్టు జెండా పండుగకు మా బడికి ఒక కరాటే మాస్టరును పిలిచారు. యాభై దాటిన తండా మనిషి, మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో బాయిలర్ ఆపరేటరు. వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో ఏదో ఫ్యాక్టరీకి వాచ్‌మన్‌గా పోయి, అక్కడి జపాను ఇంజనీరు దగ్గర ఎనిమిదేళ్లు నేర్చుకున్నాడట. "ఇది కరాటే గాదు సార్, ఐకిడో," అని మా హెడ్మాస్టరుకు మూడుసార్లు చెప్పాడు. హెడ్మాస్టరు మూడుసార్లూ తలూపి మైకులో కరాటే అనే చెప్పాడు.

మాస్టరు మీదికి ఆయన వెంట మిల్లు నుంచి వచ్చిన ఇద్దరు హమాలీలు ఉరికొచ్చారు. క్వింటాలు బస్తాలు మోసే మనుషులు. అతను గుద్దలేదు, తన్నలేదు. పక్కకు తిరిగి, వాళ్ల చేతిని తన చేతిలోకి తీసుకుని, నిద్రపోతున్న పిల్లను చాప మీదికి దించినట్టు కింద పడుకోబెట్టాడు. వాళ్లు లేచి నవ్వుతూ దుమ్ము దులుపుకున్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. కార్యక్రమం అయ్యాక దగ్గరికి వెళ్లి ఒక్కటే అడిగాను.

"పడ్డవాళ్లకు దెబ్బ తగలదా?"

"తగలకుండ పడేసుడే ఈ ఇద్దె టీచరమ్మా," అన్నాడు.

ఆదివారం మిల్లు బందు. ఖాళీ గోదాములో క్లాసు. కోదాడలో తెల్లవారుజామున బస్సెక్కితే ఏడింటికల్లా మిర్యాలగూడలో ఉండేదాన్ని. నేల మీద జానెడు మందాన ఊక పరిచి, దాని మీద గోనె సంచులను దబ్బనంతో కలిపి కుట్టిన పట్టా ఒకటి, ఆపైన పాత టార్పాలిన్. అదే మా మెత్త. చీరతో కుదరదు కనుక అన్న ఖాకీ ప్యాంటు, చొక్కా తెచ్చుకుని బస్తాలు తూచే కాంటా గదిలో మార్చుకునేదాన్ని. నడుము దగ్గర రెండు మడతలు వేసి పిన్నీసు పెడితే గాని నిలిచేది కాదు. ఏడుగురు హమాలీలు, నేను. తిరుగు బస్సులో కూర్చుంటే జాకెట్టులోంచి, జడలోంచి ఊక రాలేది. పక్కసీటు వాళ్లు జరిగి కూర్చునేవాళ్లు.

మొదటి రెండు నెలలు పడటమే. దాన్ని ఉకెమి అనేవాడు మాస్టరు. గడ్డం ఎదకు ఆనించాలి, చూపు బొడ్డు మీద ఉండాలి. వెనక్కి పడితే ముందు పిరుదు, తర్వాత వీపు, చివర్న అరచెయ్యి నేలకు తగలాలి. తల మాత్రం తగలకూడదు. ముందుకు దొర్లితే చిటికెన వేలి నుంచి మొదలై చెయ్యంతా చక్రంలా తిరిగి, కుడి భుజం మీదుగా ఎడమ తుంటి దాకా పోయి లేవాలి. "నేను పడటానికి రాలేదు మాస్టర్, పట్టుకోవడానికి వచ్చాను," అని ఒక రోజు కోపగించుకున్నాను.

"పడుడు రానోన్ని పడెయ్యద్దు," అన్నాడు. "ఎదుటోనికి పడుడు వస్తదా రాదా, ముందు అది సూసుకోవాలె. రాకుంటె మీరే వాని కింద మెత్త కావాలె."

విన్నాను. బడిలో మా పిల్లలు పాఠం విన్నట్టు విన్నాను. అన్నకు పడటం వస్తుందా రాదా అని ఒక్కసారైనా ఆలోచించానా? లేదు. నాకు ఉగాది ముంచుకొస్తోంది.

తర్వాత నిలబడటం. ఒక పాదం ముందు, ఒకటి వెనక, ఒళ్లు కాస్త ఏటవాలుగా. భుజాలు వదిలెయ్యాలి, బరువంతా బొడ్డు కింద ఉండాలి. తర్వాత తెన్‌కన్, అంటే తిరగడం. చెయ్యి పట్టుకున్నవాడితో గుంజులాడకూడదు. పట్టుకున్న చోటును అలాగే ఉండనిచ్చి, దాని చుట్టూ మనమే తిరిగి వాడి పక్కన నిలబడాలి. "వాడు ఎటు సూస్తుండో మీరు గూడ అటే సూడుండ్రి. ఎదురుంగ ఉంటె దుష్మన్, పక్కకుంటె దోస్తు," అనేవాడు. ఆపైన చివరి మెట్టు, పట్టుకున్న చేతి మీద రెండో చెయ్యి వేసి మణికట్టును బయటికి తిప్పడం. ఎంత బలమైనవాడికైనా మణికట్టు వెంట ఒళ్లు పోవలసిందే.

నాలుగో నెలకే నాకు అంతా వచ్చేసింది. నేను ఇలా తిరిగేదాన్ని, హమాలీలు అలా పడేవాళ్లు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పుకుని మురిసిపోయాను. అంత బలాఢ్యులే పడుతుంటే అన్న ఎంత!

సంక్రాంతి సెలవులు అయిపోయిన వారంలోనే పరీక్ష వచ్చింది. మధ్యాహ్నం, బయట హారన్. అన్న అమ్మ భుజం పట్టుకుని గోడకు నెట్టాడు. నేను మధ్యలో దూరి ఆయన చెయ్యి పట్టుకుని తిప్పాను. తిరగలేదు. మళ్లీ తిప్పాను. గుంజతో కుస్తీ పట్టినట్టుంది. అన్న నన్ను ఒక్క విసురు విసిరాడు, వెళ్లి రోలు మీద పడ్డాను. పడటం నేర్చుకున్నాను గనుక తల పగల్లేదు. మోచెయ్యి మాత్రం వారం రోజులు వాచింది. అమ్మ ఏడుస్తూ, "గిదేనా బిడ్డా నువ్వు నేర్సుకున్నది," అంది. వరండాలో గొలుసు కనిపిస్తూనే ఉంది.

ఆదివారం నా చెయ్యి చూసి మాస్టరు ఏమైందని అడిగాడు. చెప్పాను. ఆయన ఒక హమాలీని పిలిచి, నన్ను పట్టుకోమన్నాడు. పట్టుకున్నాడు. నేను ఇంకా తిరగకముందే పడ్డాడు. ఇంకొకణ్ణి పిలిచాడు. వాడూ అంతే.

"ఎందుకు పడుతున్నర్రా?" అని అరిచాడు మాస్టరు.

ఏడుగురూ తలలు దించుకున్నారు. అందరిలో పెద్దవాడు గొణిగాడు.

"సదువు జెప్పే పంతులమ్మ గద సారూ. ఆమె చెయ్యి గట్టిగ పట్టుకుంటె పాపం తగలదా? పడకుంటె ఆమె మర్యాద ఏముంటది?"

ఇన్నాళ్లూ వాళ్లు నన్ను గౌరవించారు. పొద్దున్నే స్నానం చేసి వచ్చి, నా చేతికి పువ్వు తగిలించినట్టు వేళ్లు ఆనించి, మర్యాదగా పడ్డారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "మీ గౌరవం పాడుగాను! ఆమెను సంపుతర్రా మీరు?" అని మాస్టరు కేకలేశాడు. ఇక గట్టిగా పట్టుకుంటామని వాళ్లు నా కాళ్లకు దండం పెట్టి మరీ మాటిచ్చారు.

మాట నిలబెట్టుకున్నారు. చేతికి గాజులు తొడిగినట్టు నీలంగా కమిలిపోయేది. బడిలో పిల్లలు చూస్తారని పూర్తిచేతుల జాకెట్లు కుట్టించుకున్నాను. "ఆలోచన వచ్చేటాలకు ఆలస్యం అయితది. ఒంటికి నేర్పుండ్రి," అనేవాడు మాస్టరు. అందుకని నేను నీళ్లు తాగుతున్నప్పుడు, చెప్పులు వేసుకుంటున్నప్పుడు వెనకనుంచి వచ్చి పట్టుకునేవాళ్లు. వందలసార్లు తిరిగాను. నిద్రలో కూడా కాలు గుండ్రంగా జారేది.

ఒక్క పాఠం మాత్రం ఎగ్గొట్టాను. క్లాసు మొదట్లో అరగంట ఇద్దరిద్దరం మోకాళ్ల మీద కూర్చోవాలి. ఒకరు మరొకరి మణికట్టు పట్టుకోవాలి, రెండోవాళ్లు కళ్లు మూసుకోవాలి. ఏమీ చెయ్యకూడదు. పట్టిన చెయ్యి గుంజాలనుకుంటుందా, నెట్టాలనుకుంటుందా, ఊరికే ఉండాలనుకుంటుందా, అది చర్మంతో తెలుసుకోవాలి. "ముందుగాల ఆ చెయ్యి ఏం అడుగుతున్నదో ఇనుండ్రి," అనేవాడు. నాకు అది శుద్ధ దండగ అనిపించింది. ఉగాది రెండు నెలల్లో ఉంటే ఇక్కడ కళ్లు మూసుకుని కూర్చోవడమేమిటి? రెండో బస్సుకు రావడం మొదలుపెట్టాను.

"మొదటి పాఠం ఎగ్గొడుతున్నరు టీచరమ్మా," అన్నాడొకసారి.

"బస్సు దొరకలేదు మాస్టర్," అన్నాను. మా మూడో తరగతి పిల్లలు నాకు చెప్పే అబద్ధమే అది, ఒక్క అక్షరం మార్చలేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం అన్న నా మణికట్టు పట్టుకున్నాడు, ఇనుప పట్టు. నేను గుంజలేదు. తిరిగి ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన చూస్తున్న వైపు చూశాను. కిటికీ బయట ఒక లారీ రివర్స్ చేసుకుంటోంది. "ఆ బండి పోతున్నది అన్నా. అగో, పోయింది," అన్నాను. ఆయన వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. గోడవారన కూర్చుని మంచినీళ్లు అడిగాడు. అమ్మ నన్ను పట్టుకుని ఎంత ఏడ్చిందో! ఆ రాత్రే గొలుసును మేకు మీంచి తీసి, గుడ్డలో చుట్టి అటక మీద పడేసింది. నేను తిరగడం వల్లే గెలిచానని గర్వపడ్డాను. పక్కన నిలబడి ఆయన చూసే వైపు చూడటం వల్ల అని నా బుద్ధికి తట్టలేదు.

ఉగాదికి ఇంకా పది రోజులు. నెలకొకసారి సూర్యాపేటలో ఒక డాక్టరుకు అన్నను చూపించేవాళ్లం. ఆ రోజు డాక్టరు మాత్రలు తగ్గించాడు. బాగవుతున్నాడు అన్నాడు. బస్టాండులో అన్నకు సోడా తాగించాను, ఆయన పిల్లల గురించి మాట్లాడాడు. పండక్కి వాళ్లను తెచ్చుకుందామన్నాడు. కోదాడ బస్సు ఎప్పుడని విచారణ కిటికీ దగ్గర అడుగుతున్నాను, అన్న నా వెనక ఉన్నాడు. అప్పుడు రోడ్డు మీద లారీ హారన్ మోగింది.

వెనకనుంచి ఒక చెయ్యి నా కుడి మణికట్టు పట్టుకుంది.

నేను తిరిగాను. ఏడు నెలల్లో అంత చక్కగా ఎప్పుడూ తిరగలేదు. అరచెయ్యి లేచింది, కాలు జారింది, రెండో చెయ్యి వచ్చి పడింది, మణికట్టు బయటికి తిరిగింది. ఆరడుగుల మనిషి గాల్లో లేచి సిమెంటు గట్టు మీద పడ్డాడు. అన్నకు పడటం రాదు. భుజం ముందు తగిలింది, తర్వాత తల, ఆ పాత కుట్ల చోటే.

నేనింకా నోరు తెరవకముందే జనం వచ్చేశారు.

"ఆడివిల్ల చెయ్యి పట్టుకుంటవార, లంగ!" అని ఒకడు తన్నాడు. ఇంకొకడు చెప్పు తీశాడు. "మంచిగ బుద్ధి చెప్పినవ్ చెల్లె, శభాష్!" అని ఎవరో నా వెన్ను తట్టారు. మా అన్న అని అరవాలి. రెండే మాటలు. గొంతు లేవలేదు. లేచేసరికి ఎన్ని దెబ్బలు పడ్డాయో తెలియదు. "మా అన్న! మా అన్న! కొట్టకుండ్రి!" అంటూ ఆయన మీద పడ్డాను. అప్పుడు అయ్యాను మెత్తను, అంతా అయిపోయాక.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని జారుకున్నారు. అన్న నన్ను తిట్టలేదు. కళ్లు మారలేదు. మామూలు కళ్లే. నెత్తురు కారుతున్న మొహంతో తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"హారన్ వచ్చింది చెల్లె," అన్నాడు. "భయమైంది. అందుకే పట్టుకున్న."

లారీ బోల్తా పడ్డాక అన్నాళ్లకు మొదటిసారి హారన్ మోగినా ఆయన కళ్లు మారలేదు. నన్ను పట్టుకుంటే ఆగుతానని ఆయనకు తోచింది. నా ఒంటికి చెయ్యి అంటే ఒకటే అర్థం తెలుసు. రెండో అర్థం నేను ఎగ్గొట్టిన ఆ మొదటి పాఠంలోనే ఉంది.

దవాఖానలో మళ్లీ కుట్లు వేయించుకుని ఇంటికొచ్చాం. బస్సులో దారి పొడుగునా రెండు చేతులూ తొడల మధ్య బిగించుకుని కూర్చున్నాడు. ఇంటికి రాగానే స్టూలు వేసుకుని అటకెక్కి, గుడ్డలో చుట్టిన గొలుసు తీసి నా ముందు పెట్టాడు. మామయ్య మాటలు ఆ రోజు విన్నాడన్నమాట.

"కట్టెయ్ చెల్లె."

"వద్దన్నా. తప్పు నాది. నువ్వేం జెయ్యలే."

"నీకేమన్న అయితది. లేకుంటె నాకైతది. ఎవల్నో ఒకల్ని పట్టుకోకుండ ఉండుడు నాతోని గాదు. కట్టెయ్యి."

అమ్మ కట్టనంది. అన్న కూర్చుని ఎడమకాలు చాపాడు. బడిలో పిల్లలు గోళ్లు చూపించడానికి చేతులు చాపినట్టు బుద్ధిగా చాపాడు. నేను లోపలికి వెళ్లి, నేర్చుకునేటప్పుడు వేసుకున్న ఆయన ఖాకీ ప్యాంటు తెచ్చి చింపాను. కుట్ల నిండా ఊక. దులిపి, మడతపెట్టి, చీలమండకు చుట్టి దాని మీద గొలుసు వేశాను. ఏ చేతులతో ఆయనను పట్టుకుంటానని మామయ్యకు మాటిచ్చానో ఆ చేతులతోనే వేశాను. ఉగాదికి మామయ్య వచ్చి చూసి, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నేను మిర్యాలగూడకు మళ్లీ వెళ్లలేదు.

అన్న ఇంకా మూడేళ్లు బతికాడు. రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చి, కంచంలో అన్నం పెట్టి, ఆయన ఎదురుగా కాకుండా పక్కన కూర్చునేదాన్ని. ఆయన చూసే వైపే చూసేదాన్ని. కళ్లు మూసుకుని నా కుడి చెయ్యి ఆయన మోకాలి దగ్గర పెట్టేదాన్ని, పట్టుకుంటే వినడానికి. రోడ్డు మీద హారన్లు మోగేవి. గొలుసు కదిలేది. ఆయన రెండు చేతులూ తొడల మధ్యే బిగించుకుని, "చెయ్యి తియ్ చెల్లె, అన్నం సల్లారుతున్నది," అనేవాడు.